చిలకాకుపచ్చ బస్తాలు

నోరున్న మనిషని పెదకాకాని అంతా ఒప్పుకునే జానీబీకి, సరిగ్గా నోరు కావలసిన రోజునే నోరు పెగల్లేదు. అదీ ఎక్కడ? గుంటూరు లేబరాఫీసులో, పదమూడు మంది ఆడవాళ్ళు ఆమె ముఖంలోకే చూస్తున్నప్పుడు. ఎందుకు పెగల్లేదో తెలియాలంటే కథ మొదట్నుంచీ చెప్పాలి.

జానీబీ, ఆ పదమూడు మందీ మిరపకాయలకి తొడిమలు తీసే కూలీలు. కల్లాల నుంచి కాయ దిగింది మొదలు ఎండలు ముదిరేదాకా వీళ్ళకి పని. ఊరి బయట ఒక షావుకారు గారి షెడ్డు. అందులో గోనెపట్టా పరుచుకుని కూర్చుని, ఒక్కొక్క కాయా తీసుకుని తొడిమ గిల్లి, పాతిక కిలోల బస్తా నింపాలి. బస్తాకి మూడు వందలు. రోజుకొక బస్తా నిండితే గొప్ప. వారం వారం కూరగాయలకి చిల్లర ఇస్తాననీ, అసలు లెక్క సీజన్ చివర చూస్తాననీ షావుకారు మాటిచ్చాడు. సీజన్ చివర ఏం చూశాడయ్యా అంటే, అటు తిరిగి గోడ వంక చూశాడు. పని కుదిర్చిన మేస్త్రీ ఫోను ఎత్తడం మానేశాడు. "మేస్త్రీని అడుక్కోండి, అసలు మీరెవరో నాకు తెలీదు" అన్నాడు షావుకారు. అందరిదీ కలిపి రెండున్నర లక్షల పైచిలుకు. ఊళ్ళో నోరున్న మనిషి కాబట్టి జానీబీనే ముందుకు తోశారు. అర్జీ మీద మొదటి సంతకం ఆవిడదే.

అర్జీ తీసుకుని సోమవారం పొద్దున్నే కలెక్టరు గారి పెద్దాఫీసుకి వెళ్ళారు. అక్కడ ఒక నంబరు వేసిన చీటీ ఇచ్చారు. పది రోజులకి జానీబీ ఫోనుకి మెసేజ్ వచ్చింది, 'మీ అర్జీ పరిష్కరించబడినది' అని. ఇంకేముంది, పధ్నాలుగు మందీ తలా పది వేసుకుని బూందీ లడ్డూలు తెప్పించుకుని పంచుకున్నారు. మర్నాడు బస్సెక్కి డబ్బులు ఎక్కడిస్తారని అడిగితే, పరిష్కారం అంటే కాగితం ఈ బల్ల మీద నుంచి లేబరాఫీసు బల్ల మీదకి వెళ్ళడమని తెలిసింది. లడ్డూల డబ్బులు కూడా దండగ.

లేబరాఫీసులో అధికారి జ్యోతిర్మయి గారు. ముప్పై దాటని పిల్ల, ఉద్యోగంలో చేరి రెండేళ్ళు, బల్ల మీద ఫైళ్ళు మాత్రం ఆవిడ పుట్టకముందువి కూడా ఉన్నాయి. ఇరు పక్షాలనీ కూర్చోబెట్టి మాట్లాడిస్తానని కబురు పెట్టింది. మొదటిసారి షావుకారు గుమాస్తాకి జ్వరం. రెండోసారి మేడం గారికి ఏదో సర్వే డ్యూటీ వేశారు. మూడోసారికి అంతా కుదిరి, షావుకారు తరఫున గుమాస్తా బుల్లయ్య వచ్చి కూర్చున్నాడు. ఇతనిదీ పెదకాకానే. పధ్నాలుగు మందినీ చిన్నప్పట్నుంచీ ఎరుగున్నవాడే.

"వీళ్ళెవరో మాకు తెలీదు మేడం," అన్నాడు బుల్లయ్య.

"ఒరేయ్ బుల్లయ్యా, నీ పెళ్ళిలో గారెలొండింది నేను," అంది వెంకటేశ్వరమ్మ. ముఠాలో అందరికంటే పెద్దది ఆమె.

"మనుషులుగా తెలుసు మేడం. కూలీలుగా తెలీదు," అని సర్దుకున్నాడు బుల్లయ్య.

జ్యోతిర్మయి గారు నవ్వు ఆపుకుని, "అమ్మా, మీరక్కడ పని చేశారనడానికి ఏదన్నా ఆధారం ఉందా? హాజరు పుస్తకం, చీటీ, బ్యాంకులో పడిన డబ్బు, ఏదైనా సరే," అని అడిగింది.

కాగితాలేవీ లేవు. ఉన్నది చేతులే. అప్పుడు వెంకటేశ్వరమ్మకి తట్టింది.

"మా గుడ్డపీలికలున్నాయిగా మేడం."

అదొక పద్ధతి. అన్ని బస్తాలూ ఒకేలా ఉంటాయి కాబట్టి, ఎవరు నింపిన బస్తాకి వాళ్ళు తమ పాత చీర చించి మూడు వేళ్ళ వెడల్పు పీలికతో మూతి కడతారు. సీజన్ మొదట్లో ఎవరి రంగు వాళ్ళు చెప్పేసుకోవాలి. ఆ తర్వాత మార్చకూడదు. కాటా దగ్గర 'నీలం గళ్ళవి ఇన్ని, పసుపు పూలవి ఇన్ని' అని పిలిస్తే చాలు, లెక్క తేలిపోతుంది. చదువు రాని వాళ్ళు పెట్టుకున్న హాజరు పుస్తకం అన్నమాట.

జ్యోతిర్మయి గారు కలం కింద పెట్టింది. "ఆ బస్తాలు ఇప్పుడు ఎక్కడున్నాయి?"

"కోల్డ్ స్టోరేజీలో మేడం. రేటు పెరిగేదాకా ఒక్కటీ కదిలించం," అన్నాడు బుల్లయ్య గర్వంగా. అనేసి నాలిక కరుచుకున్నాడు.

ఆఫీసు ఒక్కసారిగా గొల్లున నవ్వింది. సోమవారం పది గంటలకి తనిఖీకి వస్తాననీ, పీలికలు చింపగా మిగిలిన చీరముక్కలు ఎవరివి వాళ్ళు తెచ్చుకోవాలనీ మేడం చెప్పింది. ముక్కలెక్కడికి పోతాయి, ఇళ్ళలో మసిగుడ్డలుగా ఉన్నాయి. పదమూడు మందికి ప్రాణం లేచొచ్చింది. అందరూ జానీబీ వైపు తిరిగారు, ఏమంటావన్నట్టు. అదిగో, అక్కడే జానీబీకి నోరు పెగల్లేదు.

ఎందుకంటే ఆవిడ బస్తాలకి కట్టిన పీలికలు ఆవిడ చీరవి కావు. అత్తగారివి.

జానీబీ అత్త ఖాదర్‌బీ బొంతలు కుట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి. ఆ ఇంట్లో చీర కాస్త చివికిందంటే చాలు, బొంతలోకి వెళ్ళిపోతుంది. అందుకని ఆ ఇంట్లో పాత చీరంటూ మిగలదు. పనిలో చేరిన మొదటిరోజు తెల్లవారుజామున కరెంటు లేదు, ఆటో వాకిట్లో హారన్ కొడుతోంది, జానీబీ పెట్టెలో చెయ్యి పెట్టి అడుగున దొరికింది లాక్కుని పరిగెత్తింది. షెడ్డులో చీకట్లోనే చర్రున చింపి, నా రంగు ఇదేనని అందరిముందూ చెప్పేసుకుంది. వెలుగొచ్చాక చూస్తే చిలకాకుపచ్చ, మామిడి పిందెల అంచు. మామగారు బతికున్న రోజుల్లో వాడరేవు వెళ్ళొస్తూ చీరాలలో దిగి పెళ్ళానికి కొన్న నేత చీర. ఖాదర్‌బీ ఏడాదికొకసారి పండక్కి మాత్రమే కట్టేది.

చింపిన చీర అతకదు, చెప్పిన రంగు మార్చకూడదు. నిండా మునిగినవాడికి చలేమిటని జానీబీ రోజూ ఇంత చింపుతూ పోయింది. చివరి బస్తాకి కొంగు కూడా అయిపోయింది. మసిగుడ్డకి కూడా ముక్క మిగల్లేదు.

పండక్కి పెట్టె తెరిచిన ఖాదర్‌బీ, చీర కనపడక వీధిలోకొచ్చి కేకలేసింది. ఆ వారమే పక్కింటి రిహానా టీ కప్పులు అడగడానికి ఇంట్లోకొచ్చింది. దొంగ రిహానాయేనని ఖాదర్‌బీ తేల్చేసింది. అప్పట్నుంచీ రిహానాతో మాటల్లేవు. దారినపోయే వాళ్ళందరికీ మాత్రం ఆ కథ చెప్పేది. పాపం రిహానా తల ఎత్తుకుని తిరగలేకపోతోంది. చెప్పేద్దామని రోజూ అనుకోవడం, అత్త ముఖం చూసి మింగేయడం, ఇదీ జానీబీ బతుకు. దొంగతనం చేసినదానికంటే ఆ సిగ్గే ఎక్కువ బాధపెట్టింది.

సోమవారం పొద్దున అత్తని ఎలాగైనా ఇంట్లోనే ఉంచాలని జానీబీ చెయ్యని ప్రయత్నం లేదు. ఎండన్నది, దుమ్మన్నది, కోల్డ్ స్టోరేజీలో మనుషులు గడ్డ కట్టుకుపోతారన్నది. ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. ఖాదర్‌బీ లోపలికెళ్ళి బొంతొకటి కప్పుకుని వచ్చి కొడుకు ఆటోలో ముందు సీట్లో కూర్చుంది.

"గవర్నమెంటోళ్ళు న్యాయం చేస్తారంట, నేను చూడొద్దా?" అంది.

కొడుకు సిలార్ ఆటో తీశాడు. వెనక జానీబీతో కలిపి ఏడుగురు. మిగిలిన వాళ్ళు ఇంకో ఆటోలో. లేబరాఫీసు దగ్గర జ్యోతిర్మయి గారు గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆఫీసు జీపు ఎవరో పెద్దాయన పర్యటనకి పోయిందట. గవర్నమెంటు తనిఖీ అలా సిలార్ ఆటో ఎక్కింది. ఇద్దర్ని రెండో ఆటోలోకి పంపి మేడంనీ, ఆవిడ క్లర్కునీ ఇరికించారు. వెంకటేశ్వరమ్మ ఒళ్ళో ఫైలు, ఫైలు మీద సద్దిడబ్బా. గవర్నమెంటు దగ్గర మీటరు వెయ్యాలో వద్దో తెలియక సిలార్ దారంతా అద్దంలో మేడంనే చూస్తూ నడిపాడు.

కోల్డ్ స్టోరేజీ తలుపులు తీశారో లేదో, ఘాటుకి మేడం గారికి తుమ్ములు మొదలయ్యాయి. ఒకటి, రెండు కాదు, పదకొండు. ఆడవాళ్ళు ప్రతి తుమ్ముకీ "చిరంజీవ" అంటూ లెక్కపెట్టారు. ఇన్ని చిరంజీవలతో ఆవిడకి రెండు వందలేళ్ళు ఖాయమంది వెంకటేశ్వరమ్మ. హమాలీలు బస్తాలు తెచ్చి వరండాలో వరసలు పేర్చారు. ఇక చూడాలి ఆ సంబరం. నీలం గళ్ళ ముక్క చంకలోంచి తీసి నీలం గళ్ళ పీలిక పక్కన పెట్టడం, గళ్ళు కలిశాయని కేక వెయ్యడం. పసుపు పూలు, కాఫీపొడి చారలు, ముఠాలోని మాధురి మొగుడి గళ్ళ లుంగీ కూడా ఒకటి బయటపడి నవ్వుల పాలైంది. బట్టల కొట్టులో పండగ బేరాలకి కూడా అంత గోల ఉండదు. క్లర్కు రాయలేక చెయ్యి విదుల్చుకుంటున్నాడు. బస్తా బస్తాకీ బుల్లయ్య ముఖం పాలిపోతోంది.

పదమూడు మందివీ తేలాయి. చివరి వరస నిండా చిలకాకుపచ్చ పీలికలు.

"ఇవెవరివి?" అని మేడం అడిగింది.

జానీబీ నేల చూపులు చూసింది. బుల్లయ్యకి సందు దొరికింది. "ఇవి వేరే ముఠావి మేడం. చూశారా, ఈవిడ దగ్గర ముక్క కూడా లేదు. అర్జీ మీద మొదటి సంతకం ఈవిడదే. మొదటి సంతకమే అబద్ధమైతే మిగతా పదమూడూ మాత్రం నిజమని ఎలా నమ్మేది? ఈ ముక్కలు ఎక్కడెక్కడ ఏరుకొచ్చారో. మేం పై ఆఫీసుకి వెళ్తాం," అన్నాడు.

నవ్వులు ఆగిపోయాయి. పై ఆఫీసంటే ఇంకో రెండేళ్ళని ఈపాటికి అందరికీ తెలిసిపోయింది. పదమూడు మందీ మళ్ళీ జానీబీ వంకే చూశారు. పిల్లల ఫీజులు కట్టాల్సిన వాళ్ళు, వడ్డీకి తెచ్చి ఇల్లు నడిపిన వాళ్ళు. అందరి కూలీ తన గొంతులో అడ్డంపడి ఉందని జానీబీకి అర్థమైంది. కళ్ళు మూసుకుంది.

"నావే మేడం. అది మా అత్త చీర. ఆవిడకి తెలీకుండా చింపాను."

ఖాదర్‌బీ బొంత జారిపోయింది. ఆవిడ అప్పటిదాకా బస్తాల వైపు చూసింది కానీ, చూపు ఆనక రంగు పోల్చుకోలేదు. ఇప్పుడు దగ్గరికెళ్ళి పీలిక వేళ్ళతో తడిమింది. ఆ తర్వాత ఆవిడ నోటివెంట వచ్చినవన్నీ రాస్తే కాగితానికే ఘాటెక్కుతుంది. కోడలి వంశంలో ఏడు తరాలని పేరుపేరునా పిలిచి, వాళ్ళ పశువుల్ని కూడా వదల్లేదు. పదినిమిషాలు ఊపిరి తీసుకోకుండా తిట్టింది. మధ్యలో, "మీ మామ కొనిచ్చిన చీరే అది. బండి మేకు తగిలి చిరిగితే ఎర్రదారంతో నాలుగు కుట్లేసి ఎంత జాగ్రత్తగా దాచుకున్నానే," అంది.

జ్యోతిర్మయి గారు చెయ్యెత్తింది. "ఆగండమ్మా. ఎర్రదారం కుట్లా? ఎన్ని?"

"నాలుగు. నా చేతి కుట్టు ఎక్కడున్నా నాకు తెలుసు."

ఇంక ఆ వరండాలో అందరూ బస్తాల మీద పడ్డారు. హమాలీలు, క్లర్కు, సిలార్, మేడం, వద్దంటూనే బుల్లయ్య కూడా. తొంభై ఒక్క ముడులు విప్పి పీలికలు ఎండకి పెట్టి చూస్తున్నారు. కాయలు నేలపాలు కాకుండా విప్పిన మూతుల్ని ఆడవాళ్ళు పట్టుకున్నారు. మళ్ళీ తుమ్ములు, ఈసారి అందరికీ. అరవై దాటాక సిలార్ ఒక పీలిక పట్టుకుని గెంతాడు. దాని అంచున ఎర్రదారం కుట్లు నాలుగు, పుల్లల్లా తిన్నగా ఉన్నాయి. క్లర్కు మనకెందుకనుకోకుండా చప్పట్లు కొట్టేశాడు.

బుల్లయ్య దగ్గర ఇంకొక్క ముక్క మిగిలింది. "మేడం, చీర ఈ పిన్నిదే కావచ్చు. కానీ ఆ చీర రిహానా ఎత్తుకుపోయిందని ఈ పిన్నే ఊరందరికీ చెప్పింది. నాకూ చెప్పింది. పోయిన చీర ఎవరి చేతిలో పడిందో, ఎవరు చింపి కట్టారో ఎలా తెలుస్తుంది? కోడలు కట్టిందనడానికి రుజువేంటి?"

జ్యోతిర్మయి గారు ఆలోచించింది. వాంగ్మూలం రాసుకోవాలి, అందులో అనుమానం ఉండకూడదు. "ఖాదర్‌బీ గారూ, ఒక్క మాట చెప్పండి. ఈ చీర మీరు మీ కోడలికి ఇచ్చారా, లేక పోయిందా?"

జానీబీ తల ఎత్తలేదు. ఇచ్చానంటే, పక్కింటి ఆడపిల్లని ఇన్నాళ్ళూ ఉత్తపుణ్యానికి దొంగని చేశానని ఖాదర్‌బీ నలుగురిలో ఒప్పుకున్నట్టే. ఆవిడ జన్మలో ఒకరి ముందు తగ్గిన మనిషి కాదు. మొగుడు పోయినప్పుడు ఏడవడానికి కూడా గదిలోకెళ్ళి తలుపేసుకున్న మనిషి. ఆవిడ ఆ పచ్చ పీలికల వరస ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూసింది.

"నేనే ఇచ్చా. రాసుకోమ్మా," అంది.

"మరి రిహానా దొంగన్నావుగా పిన్నీ?" అన్నాడు బుల్లయ్య.

"ఇచ్చి మర్చిపోయా. డెబ్బై నిండినయ్యి, మర్చిపోకూడదా? మీ షావుకారుకి యాభై కూడా లేవు. పధ్నాలుగు మంది మూడు నెలలు కళ్ళముందు చేసిన పని మర్చిపోలా? రిహానాకి నేను చెప్పుకుంటాలే. మీ షావుకారు వీళ్ళకి ఏం చెప్పుకుంటాడో అడుగు."

వరండా అంతా నవ్వింది. మేడం గారు కూడా ఫైలులో తల దూర్చి నవ్వుకుంది. తర్వాత కలం పట్టుకుని, ఎవరివి ఎన్ని బస్తాలో, ఎవరికెంత రావాలో ఒక్కొక్క పేరే చదివి రాయించింది. కట్టకపోతే కేసు ఎలా పోతుందో, కోర్టులో అసలు మీద ఎన్ని రెట్లు అడగొచ్చో బుల్లయ్యకి, అతని ఫోనులో షావుకారు కూడా వినేలా గట్టిగా చెప్పింది. చివరికి షావుకారు దిగొచ్చి, పదిహేను రోజుల్లో అందరి ఖాతాల్లో వేసేలా ఒప్పందం రాయమన్నాడు. బుల్లయ్య సంతకం పెట్టాడు. తన వాంగ్మూలం కింద ఖాదర్‌బీ వేలిముద్ర వేసింది.

ఆ తర్వాత ఆడవాళ్ళని పట్టేవాళ్ళు లేరు. వెంకటేశ్వరమ్మ కాఫీపొడి చారల ముక్క తలకి చుట్టుకుని గేటు దాకా ఆడుకుంటూ వెళ్ళింది. మాధురి, మొగుడి లుంగీని ఫ్రేము కట్టిస్తానంది. మేడం గారు ఆటో డబ్బులు ఇవ్వబోతే సిలార్ చేతులు వెనక్కి పెట్టేసుకున్నాడు. ఆవిడ ఊరుకోలేదు, సీటు మీద పెట్టేసింది.

జానీబీ మాత్రం ఆటో వెనక నిలబడిపోయింది. ఇప్పుడు అత్త ఎక్కిన ఆటోలోనే ఇంటిదాకా వెళ్ళాలి. దానికంటే కోల్డ్ స్టోరేజీలో ఉండిపోవడమే నయమనిపించింది. ఖాదర్‌బీయే దిగి నడిచొచ్చింది.

"ఎన్నే అవి?"

"తొంభై ఒకటత్తా."

"అన్నీ నువ్వొక్కదానివే తీశావా?"

"ఊఁ."

షెడ్డుకి పోయి కబుర్లు చెప్పుకుని వస్తావని సీజనంతా కోడల్ని దెప్పింది ఆవిడే. కారం చేతులతో ముట్టుకున్నావని అన్నం గిన్నె పక్కకి జరిపింది కూడా ఆవిడే.

"ఏదీ, చేతులు చూపించు."

జానీబీ అలవాటుగా చేతులు కొంగులో దాచుకుంది. అత్త లాగి చూసింది. గోళ్ళు సగానికి అరిగిపోయాయి. వేలికొనలు నల్లబడి, చీలి, గట్టిపడి ఉన్నాయి. ఖాదర్‌బీ ఒక్కొక్క వేలూ విప్పి, తన చీర పీలికలు తడిమినట్టే తడిమింది. జానీబీకి ఒక్కసారిగా ఏడుపొచ్చేసింది.

"ఏడవబాక. ఇంటికి పోదాం పద, ఆముదం రాస్తా," అంది ఖాదర్‌బీ. "చీర సంగతి రేప్పొద్దున మొదలెడతా."

జానీబీ సరేనంది.